మరలో మిగిలిన పిడికెడు

మదనపల్లెలో బెంగుళూరు బస్టాండు వెనక సందులోకి తిరిగినవాళ్ళెవరికీ జిలాన్ అంగడి ఎక్కడని అడగవలసిన పని ఉండేది కాదు. కుట్టుమిషన్ల చప్పుడు దాటి, కట్టెల మండీ దాటి నాలుగడుగులు వేస్తే, వేగుతున్న కాఫీ గింజల వాసన ఎదురొచ్చి చేయి పట్టుకొని తీసుకుపోయేది. అంగడి ముందర చేత్తో తిప్పే ఇనుప పీపా, దాని కింద బొగ్గుల కుంపటి, లోపల కరెంటు మర, గోడవారగా గోనెసంచులు. పీపా పక్కన ముక్కాలిపీట మీద, తలకు తువ్వాలు చుట్టుకొని పిడి తిప్పుతూ కూర్చునే సన్నటి మనిషి జిలాన్. మీసాలు మొలవక ముందే తండ్రి చేతి కింద మొదలుపెట్టిన పని అది. జుట్టు నెరిసినా ఆ పీట మారలేదు.

దగ్గరివాళ్ళకు తప్ప తెలియని సంగతి ఒకటుంది. అంత పేరున్న కాఫీపొడి అమ్మే జిలాన్‌కు కాఫీ రుచి తెలియదు. గింజ రంగు చూసి, దాని చిటపట విని, పీపా ఎప్పుడు దించాలో చెప్పగలడు. అంతవరకే. చిన్నతనం నుంచి పీల్చిన పొగ అతని ముక్కును మొద్దుబార్చింది. ముక్కుతోపాటు నాలుకా పోయింది. మంచి కాఫీ అయినా, మాడిన కాఫీ అయినా అతని నోటికి ఒకటే వేడినీళ్ళు. ఆ అంగడి పేరు నిలబెట్టింది అతని భార్య సుగ్రా నాలుక.

సుగ్రా పుంగనూరు పిల్ల. ఆమె తండ్రికి ఆ ఊరి పొట్టి ఆవులు రెండు మూడు ఉండేవి. పాలు అమ్ముకొని బతికిన ఇల్లు అది. ఆ ఇంట్లో తాగేది చాయ్ మాత్రమే. కొత్తకోడలుగా మదనపల్లెకు వచ్చిన వారంలోనే అత్త ఇచ్చిన కాఫీ ఒక గుక్క తాగి, గ్లాసును దూరంగా పెట్టి చూసి, మెల్లగా అడిగింది: “అమ్మీ, నిన్న గింజ వేపేటప్పుడు మంట చల్లారి మళ్ళా రేగిందా?”

అత్త ముక్కున వేలేసుకుంది. ముందురోజు జిలాన్ పీపాను కుంపటి మీదే వదిలి నమాజుకు పోయి, తిరిగి వచ్చి బొగ్గులు విసిరిన మాట నిజం. తల్లి నిలదీసేదాకా ఆ మాట అతను ఎవరికీ చెప్పలేదు.

అప్పటినుంచీ అది ఆ ఇంటి కట్టుబాటయింది. తెల్లవారగానే సుగ్రా గడప మీద కూర్చునేది. నిన్న వేయించి సంచిలో ఇంటికి తెచ్చిన గింజతో డికాషన్ దించి, చిక్కటి పాలు కలిపి జిలానే స్వయంగా గ్లాసు తెచ్చి ఆమె చేతికిచ్చేవాడు. ఆమె తాగి “కానీ” అంటే ఆ సంచి అంగడికి పోయేది. పెదవి విరిచిందా, ఆ గింజ చౌకపొడిలోకి దిగేది. దానికి అప్పీలు లేదు. బస్టాండులో హోటలు నడిపే కృష్ణప్ప ఈ సంగతి ఎరిగినవాడు. పొడి తూయించుకుంటూ వారానికొకసారైనా ఆ మాట ఎత్తకుండా ఉండేవాడు కాదు.

“జిలాన్ భాయ్, అంగడి బోర్డు మీద నీ పేరు యాల రాసుకుండావప్పా? మా సుగ్రమ్మ పేరు రాయి. నువ్వు ఉత్త పిడి తిప్పే మనిషివి.”

“నీ హోటల్లో మటుకు వంట నువ్వు సేస్తాండావా కృష్ణప్పా?”

“నేను తిని సూస్తానప్పా. నీకు అదీ లేదు.”

జిలాన్ నవ్వి మర ఆడించేవాడు. ఆ మరకూ ఒక కట్టుబాటుంది. కాఫీ మరకు నీళ్ళు తగలకూడదు. తగిలితే పళ్ళు తుప్పు పడతాయి. ఒక రకం ఆడించి మరొక రకం పోయవలసి వస్తే ముందుగా పిడికెడు మంచి గింజ గరాటులో పోసి ఆడిస్తారు. పాత పొడిని అది నెట్టుకొని బయటికి వస్తుంది. దాన్నే ఆ వృత్తిలో మర కడగడం అంటారు. కాఫీ మరను కాఫీతోనే కడగాలని తండ్రి చెప్పాడు. తండ్రికి ఆయన తండ్రి చెప్పాడు.

ఎనభై ఒకటో సంవత్సరం వానాకాలంలో సుగ్రాకు మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. పిండి కలుపుతూ కలుపుతూ గుండె మీద చేయి వేసుకొని గోడకు ఆనుకునేది. “లోపల ఎవరో ఉరుకుతాండారు జీ” అనేది. డాక్టరు పద్మావతి చాలాసేపు గొట్టం పెట్టి విని, చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చిందా అని అడిగింది. వచ్చిందట. గుండె లోపలి కవాటం ఒకటి అప్పుడే చెడిందని, ఇన్నేళ్ళుగా అది ఓర్చుకొని వచ్చిందని, ఇక ఓర్వలేదని ఆమె మెత్తగా చెప్పింది. మందులు రాసింది. ఉప్పు తగ్గించమంది. చివరగా, “కాఫీ ఒక్క చుక్క కూడా వద్దమ్మా” అంది.

సుగ్రా మొదట నవ్వింది, తరువాత జిలాన్ వైపు చూసింది. “రుచి సూసి ఉమ్మేస్తే?” అని అడిగింది.

కొన్నాళ్ళు అలాగే చేసి చూశారు. అది సాగలేదు. “మింగకుండా ఏం తెలస్తాది జీ? కాఫీ రుచి నాలిక మీద కాదు, గొంతు దిగేటప్పుడు ఉండాది” అని ఆమె గ్లాసు వెనక్కి ఇచ్చేసింది. ఆ తరువాత కూడా తెల్లవారుజామున అలవాటు చొప్పున వచ్చి గడప మీద కూర్చునేది. చేతులు రెండూ ఒళ్ళో ఖాళీగా ఉండేవి. రోజులు గడిచేకొద్దీ మాట తగ్గింది, తిండి తగ్గింది. పక్కింటి మంగమ్మ పలకరిస్తే, “లేచి సేసేదేముందమ్మా? నాకు పని లేదిప్పుడు” అంది. ఆ మాట జిలాన్ చెవిన పడింది. జబ్బు ఆమెను ఎంత తింటున్నదో, ఆ ఖాళీ చేతులు కూడా అంతే తింటున్నాయని అతనికి అప్పుడు తోచింది.

మళ్ళీ మందులకు పోయినప్పుడు డాక్టరునే అడిగాడు. ఆమె కొంచెం ఆలోచించి చెప్పింది: కాఫీలో కెఫీన్ అనే పదార్థముంటుంది, గుండెను పరుగెత్తించేది అదే, బయటి దేశాలలో దాన్ని తీసేసి గింజలు అమ్ముతారు, అది తాగితే ఈమెకు అంత కీడు ఉండదు, కాని మన వైపు తానెక్కడా చూడలేదు.

జిలాన్ ఆ మాటను తాయెత్తులాగా కట్టుకొని బయటికి వచ్చాడు.

అటువంటి గింజ దొరికేలోపల తనకు చేతనైనది చేద్దామనుకున్నాడు. కాఫీపొడిలో కలిపే చికోరీ వేరుపొడి ఒక్కదానితోనే డికాషన్ దించి ఇచ్చాడు. సుగ్రా ఒక గుక్క తాగి, “బరాత్ వచ్చిండాది, పెండ్లికొడుకే రాలేదు” అంది. రాగులు నల్లగా వేయించి పొడి చేసి ఇస్తే, “సంగటి కాలు జారి గ్లాసులో పడిండాది పాపం” అంది. రంజాను నెలలో ఖర్జూరం గింజలన్నీ ఎండబెట్టి, వేయించి, ఆడించి తెచ్చాడు. ఆమె ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టింది. “ఇది తాగితే ఉపవాసం ఇడిసినట్టు ఉండాది గానీ, కాఫీ తాగినట్టు లేదు జీ” అంది. ఆ వెక్కిరింతలు వింటుంటే అతనికి ప్రాణం లేచివచ్చేది. వెక్కిరించడానికైనా ఆమె నోరు తెరిచింది కదా. అయితే ఏ గ్లాసూ రెండో గుక్కకు నోచుకోలేదు.

వాళ్ళ కూతురు జరీనాను కుప్పంలో ఇచ్చారు. అల్లుడు ఘని కువైట్‌లో బండి తోలేవాడు. ఎనభై మూడులో అతను సెలవు మీద వస్తున్నాడని తెలిసినప్పుడు జిలాన్ బంగారమూ అడగలేదు, టేప్‌రికార్డరూ అడగలేదు. కెఫీన్ తీసిన కాఫీ తెమ్మని కబురు పంపాడు. అల్లుడు దిగిన మర్నాడే జిలాన్ పుంగనూరు మీదుగా కుప్పం బస్సు ఎక్కాడు. పుంగనూరులో బస్సు ఆగినంతసేపూ అత్తగారి వీధి మొగదలను చూస్తూ కూర్చున్నాడు. అక్కడ ఇప్పుడు ఆవులు లేవు, మామ లేడు. పాలు మాత్రం ఎవరో సైకిలు మీద బిందెలతో తీసుకుపోతున్నారు.

కుప్పంలో ఘని పెట్టె తెరిచి మూడు రకాలు బయటపెట్టాడు. నీళ్ళలో వేస్తే కరిగిపోయే పొడి డబ్బా ఒకటి, ఆడించిన పొడి పొట్లం ఒకటి, వేయించిన గింజల పొట్లం ఒకటి.

“మామా, ఆడ అంగట్లో ఏది బాగుంటాదని అడిగితే నవ్వినారు. ఇది రుచి కోసం తాగేది కాదంట, డాక్టరు సెప్పినాడని తాగేదంట. నాకు తెలిసింది యాడుండాది? మూడూ తెచ్చినా.”

“ఏది బాగుండాదో నేను మాత్రం ఎట్ల సెప్తానప్పా?” అన్నాడు జిలాన్. ఆ మాటలోని కష్టం అల్లుడికి తెలియదు. ఆమె కోసం మంచిది ఏరాలి. ఆ ఏరగల నాలుక ఈ లోకంలో ఆమెదొక్కటే.

మదనపల్లెకు వచ్చి మర్నాడు ఉదయం డబ్బాలోని పొడి కలిపి ఇచ్చాడు. సుగ్రా “ఇది మందు” అని పక్కన పెట్టింది. రెండోనాడు పొట్లంలోని పొడి. “ఇది ఎప్పుడో సచ్చిపోయిండాది జీ, మనదాకా మోసుకొచ్చినారు” అంది. ఇక మిగిలింది గింజ. గింజ మీద జిలాన్‌కు నమ్మకముంది. ఎప్పటికప్పుడు ఆడించుకుంటే ఎంత నీరసమైన గింజకైనా ఇంత ప్రాణం వస్తుందని అతని వృత్తి అతనికి నేర్పింది. అందుకే ఏ పూటకు కావలసిన గింజ ఆ పూటే ఆడించాలని నిశ్చయించుకున్నాడు.

మూడోనాడు పొద్దు పొడవకముందే అంగడి తలుపు తీశాడు. మరలో నిన్నటి చికోరీ పొడి ఉంటుంది. అది సుగ్రా గ్లాసులోకి పోకూడదు. మరను కడిగాడు. ఎవరెవరికో పిడికెడు పోసి కడిగే చేయి, భార్యకోసం రెండు పిడికిళ్ళు పోసింది. అది కూడా మామూలు గింజ కాదు. సంచులన్నిటిలోకీ మేలైన పీబెర్రీ, కాయకు ఒక్కటే ఉండే గుండ్రటి గింజ. వచ్చిన పొడిని పక్కన పెట్టి, ఆ తరువాత పొట్లంలోని గింజ రెండు చెంచాలంత పోసి ఆడించి, కాగితంలో చుట్టుకొని ఇంటికి నడిచాడు.

సుగ్రా గడప మీద ఉంది. గ్లాసు అందుకొని, ముక్కు దగ్గర పట్టుకొని, ఒక గుక్క తాగింది. కళ్ళు మూసుకుంది. జిలాన్ ఎదురుగా నిలబడి, పరీక్ష రాసిన పిల్లవాడిలాగా ఆమె ముఖం చూస్తున్నాడు. ఆమె రెండో గుక్క తాగింది. మూడోదీ తాగింది. గ్లాసు అడుగు కనిపించేదాకా తాగింది. తరువాత కళ్ళు తెరిచి అతన్ని చాలాసేపు చూసి, “కానీ” అంది.

ఆ నాడు అతను అంగడికి నడుస్తూ ఎదురైన ప్రతివాడికీ సలాం చెప్పాడు.

ఆ కొద్ది రోజులూ ఆ ఇల్లు పాత ఇల్లయింది. సుగ్రా తల దువ్వుకుంది. మంగమ్మతో గోడ మీదుగా కబుర్లాడింది. అంగడి గింజను చేతిలోకి తీసుకొని, కొరికి చూసి, ఈ దఫా సంచి తడిసిందని చెప్పింది. జిలాన్ రోజూ పొద్దున్నే మర కడిగి, రెండు చెంచాల గింజ ఆడించి, వేడి తగ్గకుండా గ్లాసు తెచ్చి ఇచ్చేవాడు. కృష్ణప్పతో ఆ సంగతి చెప్పి, ఆ పూట అతనికి రెండు పిడికిళ్ళ పొడి ఎక్కువ తూచాడు.

తరువాత ఒక మధ్యాహ్నం మంగమ్మ అంగడికి పరుగెత్తుకొచ్చింది. సుగ్రా వసారాలో పడి ఉంది. పెదవులు నల్లబడ్డాయి, మెడ పక్కన నరం చూస్తుండగానే ఎగిరెగిరి పడుతోంది. రిక్షాలో వేసుకొని ఆస్పత్రికి తీసుకుపోయారు. గుండెను నెమ్మదింపజేయడానికి డాక్టరు పద్మావతికి సాయంత్రమైంది. ఏం తిన్నది, ఏం తాగింది అని ఆమె అడిగింది. జిలాన్ పొట్లం తెచ్చి చూపించాడు. ఆమె దాని మీద రాతంతా చదివింది.

“ఇది మంచిదే. దీనివల్ల ఇంత కాకూడదే. ఇందులో ఇంకేమైనా కలిపారా?”

“లేదమ్మా. మర కూడా కడిగి ఆడించినాను.”

ఆమె తల పంకించింది. కవాటం బాగా పాడైందని, కారణమేదైనా ఇది ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదేనని చెప్పింది. ఆ మాట దయతో అన్నదో, నిజంగానే అన్నదో అతనికి తెలియలేదు.

సుగ్రాను ఇంటికి తెచ్చిన తరువాత జిలాన్ అంగడి తెరిచాడు. ఆ ఉదయం వచ్చినవారు పార్వతమ్మ గారు. చెల్లెలు పంపిన గింజలు సంచిలో తెచ్చుకున్నారు. ఆమె ఖచ్చితమైన మనిషి.

“జిలాన్, నీ మరలో చికోరీ ఉంటుంది. నా గింజలో అది కలవకూడదు సుమా.”

“కలవదమ్మా. మర కడిగే ఆడిస్తా.”

పిడికెడు గింజ తీసి గరాటు పైకి ఎత్తాడు.

“అది మటుకు కలవదా నాయనా?” అన్నారు పార్వతమ్మ గారు, మాట వరసకు. “నువ్వు కడిగిన గింజ పొడి లోపల కొంచెమైనా మిగలదూ?”

“మిగిలితే ఏముందమ్మా, అదీ కాఫీయే కదా…”

చేయి గరాటు మీద అలాగే ఉండిపోయింది. వేళ్ళ సందుల్లోంచి గింజలు ఒకటొకటే జారి ఇనుములో టకటకమని పడ్డాయి. పార్వతమ్మ గారు రెండుసార్లు పిలిచారు. అతను ఆమె సంచి ఆమె చేతికిచ్చి, రేపు రమ్మని చెప్పి, తలుపు దించాడు.

మర పళ్ళు విప్పి చూశాడు. వాటి సందుల్లో, గొంతు అడుగున, ఎర్రగా చివర ఆడించిన పొడి మేట వేసి ఉంది. చేత్తో తీస్తే గుప్పెడయింది. పీబెర్రీతో కడిగిన మరలో రెండు చెంచాల గింజ పోసి ఆడిస్తే, లోపల మిగిలిన పీబెర్రీ పొడే ముందు బయటికి వస్తుందని పసిపిల్లలకైనా తెలుస్తుంది. రోజూ తెల్లవారి తను ప్రేమగా మోసుకుపోయింది అదే.

ఇంటికి పోయేసరికి సుగ్రా దిండ్లకు ఆనుకొని కూర్చుని ఉంది. అతను గోడవారగా కూలబడి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. చెబుతూ ఆమె ముఖం చూడలేకపోయాడు.

“తెలుసు జీ” అంది ఆమె.

అతను తల ఎత్తాడు.

“మన పీబెర్రీ నాకు తెలీకుండా పోతాదా? మొదటి గుక్కకే తెలిసింది.”

“మరి యాల సెప్పలేదు?”

“సెప్తే ఇచ్చేవాడివా?”

ఆమె ఆయాసం తీర్చుకొని మళ్ళీ అంది:

“గ్లాసు పట్టుకొని నిలబడుకున్నప్పుడు నీ మొగం నువ్వు సూడలేదు. పెండ్లినాడు కూడా అట్ల లేవు. ‘ఇది మనదే జీ’ అని ఏ నోటితో సెప్పేది? అదొకటి. ఇంకొకటి… నాకూ తాగాలనే ఉన్నింది.”

వచ్చిన శుక్రవారం జిలాన్ అంగడి తెరవలేదు. మరను పూర్తిగా విప్పి, ఒక్కొక్క పన్నూ గుడ్డతో, చీపురుపుల్లతో గీకి, తండ్రి వద్దన్న నీళ్ళతోనే కడిగి, ఎండలో ఆరబెట్టి మళ్ళీ బిగించాడు. పొట్లంలోని గింజ ఆడించాడు. ఈసారి అందులో ఏదీ కలవలేదు. డికాషన్ దించి, పాలు కలిపి, సుగ్రా పడుకున్న చోటికే తీసుకుపోయాడు.

ఆమె గ్లాసును ముక్కు దగ్గరికి తీసుకుంది. నల్లగా మరకలు పడ్డ అతని గోళ్ళను చూసింది. ఒక గుక్క తాగింది.

“బాగుండాది” అంది.

జిలాన్ అలాగే నిలబడిపోయాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె ఒక గ్లాసును పట్టుకొని ఆ మాట ఏనాడూ అనలేదు. ఆమె భాషలో ఉన్నవి “కానీ” అనే మాట, పెదవి విరుపు, ఈ రెండే. అత్త చేసినా, మొగుడు చేసినా, ఎవరి మనసు నొచ్చినా ఆ నాలుక మొగమాటపడలేదు. ఇప్పుడు పడింది.

“నిజంగానా?” అన్నాడు.

“ఏం, నా నాలిక మీద అనుమానమా?” అని నవ్వబోయింది. గ్లాసులో సగం అలాగే ఉంది. చల్లారిన తరువాత అతను దాన్ని తీసుకొని పెరట్లోకి పోయి, ఒక్క గుక్కలో తాగేశాడు. వేడి కూడా లేదు. ఉత్త నీళ్ళు.

ఆ తరువాత ఆమె రోజూ అదే తాగింది. రోజూ బాగుందనే అంది. చలికాలం రాకముందే ఒక ఉదయం, గ్లాసు తెచ్చేసరికి లేవలేదు.

జరీనా వచ్చి, నలభయ్యోనాటి ఫాతిహా ప్రార్థన దాకా ఉండి, కుప్పం వెళ్ళిపోయింది. అంగడి మళ్ళీ తెరుచుకుంది. గింజలు అదే చోటినుంచి వచ్చాయి. అదే పీపా, అదే కుంపటి. కొన్ని నెలల తరువాత కృష్ణప్ప పొడి తూయించుకొని, పొట్లం చేతిలో అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాడు.

“జిలాన్ భాయ్, తప్పుగా అనుకోవద్దప్పా. రెండేండ్లుగా పొడి ముందర మాదిరి లేదంటాండారు. సుగ్రమ్మ ఉన్నన్నాళ్ళు నీకు సెప్పలేకపోయినా.”

“అదే గింజప్పా.”

“గింజ అదే. నాకు తెలుసు.” కృష్ణప్ప డబ్బు లెక్కపెట్టి ఇచ్చి వెళ్ళిపోయాడు. ఆ ఏడు దాటిన తరువాత అతను పొడి బెంగుళూరు నుంచి తెప్పించుకోవడం మొదలుపెట్టాడు. హోటలు ముందుగా నడిచేటప్పుడు జిలాన్ సలాం మాత్రం మానలేదు.

ఇప్పుడూ తెల్లవారగానే డికాషన్ దించుతాడు. పాలు కలిపి గడప దాకా తెస్తాడు. అక్కడ ఎవరూ లేరు కాబట్టి తనే కూర్చుంటాడు. తాగుతాడు. మంట చల్లారి మళ్ళీ రేగిందో, సంచి తడిసిందో, గింజ మాడిందో, ఆ వేడినీళ్ళు అతనికేమీ చెప్పవు. ఎవరో ఒకరు చెప్పనిదే సంచి అంగడికి పోదు.

“కానీ” అని తనకు తానే చెప్పుకొని, సంచిని భుజానికెత్తుకుంటాడు.